నాలుగు గోళ్ళు

పెరటి వాటా, కుట్టుగది
సెప్టెంబరు 6

చిన్నోడా,

ఆరేళ్ళ తరవాత అక్క చేతిరాత కనపడగానే ఎవరో పోయారని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఎప్పటిలాగే స్కూలు యూనిఫారాలకి కాజాలు కుట్టుకుంటున్నాను. నీతో ఒక పని పడింది.

మీ బావ పార్సిల్ ఆఫీసుకి ఒక చెక్కపెట్టె వచ్చింది. దాని మీద ఊరి పేరు వానకి తడిసి చెరిగిపోయింది. గడువు దాటినా ఎవరూ విడిపించుకోలేదు. తెరిచి చూస్తే లోపల గడ్డి, గడ్డిలో ఒక తాబేలు. పారేయమన్నారట పైవాళ్ళు. మీ బావ ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. దాని నడక చూసి 'గుమాస్తా' అని పేరు పెట్టారు. తనూ గుమాస్తానే కదా, ఇద్దరికీ బాగా కుదిరింది.

బట్టలు నానబెట్టే తొట్టిలో మెడదాకా నీళ్ళు పోసి అందులో ఉంచాం. పాలలో నానేసిన రొట్టె, ఉడికిన గుడ్డు పెడుతున్నాం. తొట్టి అంచు పట్టుకుని ఎక్కబోతుంది, జారి పడుతుంది, మళ్ళీ ఎక్కబోతుంది. ఆడుకుంటోందని మీ బావకి మహా సంబరం. ఇది ఏ జాతిదో, ఏం పెట్టాలో నీకు తెలుస్తుందని రాస్తున్నాను. చిన్నప్పుడు పురుగుని చూసి పేరు చెప్పేవాడివి.

నీకు రాస్తున్నట్టు మీ బావకి తెలియదు, తెలియకూడదు. మా కుక్క సంగతి ఆయన ఇంకా మరిచిపోలేదు. అది పోయినప్పుడు పాతిపెడతానని నువ్వు తీసుకెళ్ళావు. నెల తరవాత దాని తోలులో పీచు కూరి, గాజుకళ్ళు పెట్టి, మా గుమ్మంలో నిలబెట్టావు. నువ్వు ప్రేమతోనే చేశావు, నాకు తెలుసు. ఆయన డ్యూటీ దిగి వచ్చి దాన్ని పేరు పెట్టి పిలిచారు. అది రాలేదు. దగ్గరికెళ్ళి తల నిమిరి, చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆ ముఖం నేను జన్మలో మరిచిపోను. ఆ రోజే దాన్ని పాతేసి, నిన్ను గడప తొక్కొద్దన్నారు.

జవాబు నా షాపు చిరునామాకి రాయి.

అక్క


మ్యూజియం, నేలమాళిగ పనిగది
సెప్టెంబరు 10

అక్కా,

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు వెళ్ళి దాన్ని నీళ్ళలోంచి తీయి. తీశాక మిగతాది చదువు.

అది ఆడుకోవడం లేదు, మునిగిపోతోంది. కాళ్ళ వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర ఉంటే నీటి తాబేలు. ఏనుగు కాళ్ళలా మొద్దుగా, పొలుసులతో ఉంటే నేల తాబేలు. నీ గుమాస్తా అంచు పట్టుకుని ఎక్కుతోందంటే నేలదే. దానికి ఈత రాదు. ఇన్ని రోజులు మెడదాకా నీళ్ళలో ఎలా బతికిందో నాకు అర్థం కావడం లేదు.

గుడ్డు, పాలు, రొట్టె అన్నీ మానేయి. ఆకులు, కలుపుమొక్కలు, పువ్వులు పెట్టు. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళు పళ్ళెంలో గడ్డం తడిసేంత పోసి పది నిమిషాలు ఉంచు. తాగుతుంది. పొద్దుటి ఎండ తగలాలి, పక్కనే నీడా ఉండాలి.

ఏ జాతో చెప్పాలంటే నాకు కొలతలు కావాలి. చిప్ప ఎత్తు, తోక చివర, తొడల మీద బొడిపెలు, ముందుకాళ్ళ గోళ్ళ లెక్క. ఒక మాట నిజంగా చెప్పనా, జంతువుల తోళ్ళలో పీచు కూరి నిలబెట్టే ఈ ఉద్యోగంలో ముప్పై ఏళ్ళుగా నా చేతికొచ్చిన తాబేళ్ళన్నీ చచ్చినవే. బతికున్నదాని గురించి నన్ను అడిగింది నువ్వే మొదలు.

బావని అడిగానని చెప్పకు. చెప్పలేవు కదా.

తమ్ముడు


కుట్టుగది
సెప్టెంబరు 19

చిన్నోడా,

నీ ఉత్తరం షాపులో విప్పి, చేతిలో ఉన్న చొక్కా అలాగే పడేసి ఇంటికి పరిగెత్తాను. బయటికి తీస్తే ముక్కులోంచి నీళ్ళు బుడగలు బుడగలుగా వచ్చాయి. తల వేలాడేసింది. మీ బావ తువ్వాలులో చుట్టి, తల కిందికి వంచి, గంటసేపు అలాగే పట్టుకున్నారు. "మనం దీన్ని ఇన్ని రోజులు ముంచామా?" అని ఒక్కమాట అన్నారు. ఆ తరవాత అన్నానికి రాలేదు. మర్నాటికి కళ్ళు తెరిచింది. మూడోనాడు కలుపుమొక్క ఆకు కొరికింది. ఆ కరకర చప్పుడుకి ఆయన నన్ను వంటింట్లోంచి పిలిచారు.

"ఇదంతా నీకెవరు చెప్పారు?" అని అడిగారు. పుస్తకంలో ఉందన్నాను. "ఏ పుస్తకం?" అన్నారు. షాపులో ఉందన్నాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు, నీకు తెలుసు.

నీ లెక్కలు: చిప్ప గుండ్రంగా, కొంచెం అణిగినట్టు ఉంది, లేత పసుపు మీద మట్టిరంగు మచ్చలు. తోక పొట్టి, చివర చిన్న మొన. ముందుకాళ్ళకి నాలుగేసి గోళ్ళు, వెనకవాటికీ నాలుగేసి.

అక్క


మ్యూజియం
సెప్టెంబరు 25

అక్కా,

బతికించావు. ఆ మాట చదివాకే మళ్ళీ పనిలో కూర్చోగలిగాను.

గోళ్ళు మాత్రం తప్పు లెక్కపెట్టావు. నేల తాబేళ్ళకి ముందుకాళ్ళకి అయిదుంటాయి. అయిదోది అరిగిపోయి ఉంటుంది, లేదా పొలుసుల్లో కలిసిపోయి కనపడదు. కాజాలు కుట్టే నీ కంటికి ఇది కొత్త. నువ్వు చెప్పిన మచ్చల్ని బట్టి అది ఉడుకు ప్రాంతాల జాతి. నాకు అనుమానమేమీ లేదు. చలి దానికి పడదు. చలికాలం మొదలవగానే కుంపటి దగ్గర పెట్టు. తిండి మానేసిందంటే జబ్బు చేసిందని గుర్తు, ఇంకా వెచ్చగా ఉంచు.

తమ్ముడు


కుట్టుగది
నవంబరు 2

చిన్నోడా,

చలి దిగింది. గుమాస్తా తిండి మానేసి పన్నెండు రోజులైంది. కుంపటి పక్కన గోనెసంచి పరిచి పెట్టాం. అది అక్కడ ఉండదు. తలుపు మూలకి పోయి నేలని గోకుతుంది. రోజంతా ఆ గోకుడే. నేను మిషను తొక్కుతుంటే అదీ నాతో పోటీగా గోకుతుంది. మీ బావ తెచ్చి కుంపటి దగ్గర పెడతారు, అది మళ్ళీ తలుపు దగ్గరికి పోతుంది. "ఎక్కడికి పోవాలిరా నీకు?" అని అడుగుతారు. పార్సిల్ మీద ఊరి పేరు చెరిగిపోయిందని మొదటిసారి బాధపడ్డారు.

గోళ్ళు మళ్ళీ చూశాను. ఒక్కో గోటి పక్కన గుండుసూది పెట్టుకుంటూ లెక్కేశాను. నాలుగే. అరిగిన గుర్తు కూడా లేదు. నా కళ్ళ సంగతి నువ్వు చెప్పక్కరలేదు.

ఏం చెయ్యాలో రాయి. ఆలస్యం చెయ్యకు.

అక్క


మ్యూజియం
నవంబరు 8

అక్కా,

నీ లెక్కే సరి. మా జాబితా పుస్తకంలో చూశాను. ముందుకాళ్ళకి నాలుగే గోళ్ళున్న నేల తాబేలు ఒకటుంది. మా మ్యూజియంలో తాబేళ్ళ సొరుగులో దాని పేరు రాసిన చీటీ ఉంది, తాబేలు లేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ గడి ఖాళీ.

వెచ్చగానే ఉంచు. ఇన్నాళ్ళు తినలేదంటే లోపల ఏదో పాడై ఉంటుంది. మొహమాటం లేకుండా ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకు. అది దక్కకపోతే పాతిపెట్టవద్దు. పెట్టెలో రంపపు పొట్టు పోసి, అందులో పెట్టి నాకు పంపు. మట్టిలో కలిసేకంటే పదిమంది చూసేచోట ఉంటుంది. బావకి తెలియనక్కరలేదు.

తమ్ముడు


కుట్టుగది
నవంబరు 21

చిన్నోడా,

గుమాస్తా పోయింది.

బొగ్గుల బండి మూడు రోజులు రాలేదు. కుంపటి ఆరిపోయింది. నాలుగోనాటి పొద్దున చూస్తే తలా కాళ్ళూ లోపలికి ముడుచుకుని రాయిలా ఉంది. మీ బావ ముక్కు దగ్గర అద్దం పెట్టారు, మసక పట్టలేదు. కాలు లాగి చూశారు, బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులు అలాగే చూశాం. "పోయిందే" అన్నారు. తను పాతలేనని, నన్నే పాతమని అడిగారు.

నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం గుర్తొచ్చింది. నువ్వు అడగక అడిగావు, ఆరేళ్ళ తరవాత అడిగావు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక గుమాస్తాని పొట్టు పెట్టెలో సర్ది నీకు పార్సిల్ కట్టాను. వేరే పెట్టె ఒకటి పెరట్లో పాతాను. పార్సిల్ ఆయన ఆఫీసు నుంచే పోవాలి కాబట్టి 'దారపు ఉండలు' అని రాశాను. దాని మీద ముద్ర వేసింది ఆయనే అయి ఉంటారు.

సాయంత్రం వచ్చి ఆ గుంత మీద ఒక ఇటుక పెట్టి, టోపీ తీసి నిలబడ్డారు. నేను కిటికీ రెక్క వేసుకున్నాను.

అక్క


మ్యూజియం, పనిగది
నవంబరు 25

అక్కా,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. కూర్చుని చదువు. గుమాస్తా బతికే ఉంది.

నిన్న పొద్దున పార్సిల్ అందింది. బల్ల మీద పెట్టి రెండు దీపాలూ వేశాను. పొట్టు దులిపాను, కొలతలు రాసుకున్నాను, కొత్త చీటీ కూడా రాసి పెట్టుకున్నాను. నిజం చెప్పాలి కదా, సంతోషంగా ఉన్నాను. ఈల వేస్తున్నానట, పక్కగదివాడు తరవాత చెప్పాడు. గంట సేపు అది ఆ దీపాల వేడిలో ఉంది. తొడకీ పొట్టచిప్పకీ మధ్య మెత్తని చర్మం ఉంటుంది, మేము మొదటి కోత అక్కడే పెడతాం. కత్తి మొన ఆనించాను. కాలు లోపలికి పోయింది.

చచ్చినవాటికీ వేడికి నరం గుంజుకుంటుంది. అదేననుకున్నాను. రెండోసారి ఆనించాను, అక్కా. ఆ మాటే నన్ను నిలవనివ్వడం లేదు. రెండోసారి కూడా ఆనించాను. కాలు ఇంకా లోపలికి పోయింది, మెడ దగ్గర తోలు పైకీ కిందికీ కదిలింది. కాసేపటికి ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. ఈ బల్ల మీద ఇప్పటిదాకా కన్ను తెరిచింది ఏదీ లేదు. కత్తి నా చూపుడువేలిలో దిగి ఉందని నెత్తురు బల్ల మీద పడ్డాక తెలిసింది.

తరవాత జాబితా పుస్తకం మళ్ళీ తీశాను. గోళ్ళ లెక్క ఉన్న పేజీ అంతా చదివాను ఆ రోజు. పేజీ తిప్పలేదు. వెనకవైపు రెండు వాక్యాలున్నాయి. ఈ జాతి చలి రాగానే తిండి మాని, నేల తవ్వుకుని, వసంతం దాకా రాయిలా నిద్రపోతుందట. ఊపిరి అద్దానికి అందదట. అది మీ తలుపు దగ్గర గోకింది అందుకే. మనం పట్టుకొచ్చి కుంపటి ముందు పెట్టాం. మనకంటే మూడు రోజులు రాని బొగ్గుల బండే దానికి మేలు చేసింది.

పేజీ ఎందుకు తిప్పలేదో నాకు తెలుసు. ఖాళీ గడి నిండుతుందని ఆశ. నీ గుమాస్తా చావాలని కోరుకోలేదు గానీ, చస్తే బాగుండదని కూడా అనుకోలేదు. ఇది బావకి నా మాటగా చెప్పు. కుక్క విషయంలో నేను తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

జంతుశాలలో పాములూ తాబేళ్ళూ చూసుకునే ఆయన్ని పిలిపించాను. ఆయన చూసి, చర్మం మీద గీతే తప్ప గాయం లేదన్నారు. ఇప్పుడు పూర్తిగా లేపితే తిండి పట్టదు, చిక్కి చస్తుంది, మళ్ళీ నిద్రపుచ్చమన్నారు. మెట్ల కింద కొట్టులో, గడ్డకట్టనంత చల్లగా ఉండేచోట, మట్టీ ఎండుగడ్డీ నింపిన పెట్టెలో పెట్టాం. వారానికోసారి తూకం వేయాలి. బరువు మరీ తగ్గితేనే లేపాలి.

ఇక బావకి చెప్పడమే మిగిలింది. నన్ను రమ్మంటే వస్తాను.

తమ్ముడు


కుట్టుగది
డిసెంబరు 1

చిన్నోడా,

మొన్న షాపులో మిషను ముందు కూర్చుని నీ ఉత్తరం విప్పాను. 'రెండోసారి' అన్నచోట లేచి నిలబడ్డాను. షాపులో అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరు పోయారని అడిగారు. ఎవరూ పోలేదన్నాను.

ఆ సాయంత్రం మీ బావ భోజనానికి కూర్చున్నాక చెప్పాను.

"గుమాస్తా బతికే ఉందండీ."

ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. జ్వరమనుకున్నారు.

"తమ్ముడి దగ్గరుంది. నేనే పంపాను" అన్నాను. మొదటి ఉత్తరం దగ్గర్నుంచి వరసగా అంతా చెప్పాను. కత్తి సంగతి కూడా దాచలేదు. కంచం పక్కకి జరిపారు.

"మరి పెరట్లో ఏముంది?"

"పెట్టె."

"పెట్టెలో?"

"బరువుకోసం విరిగిన ఇస్త్రీపెట్టె పెట్టాను."

లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. తరవాత, "అంటే పదిరోజులుగా నేను టోపీ తీసింది ఇస్త్రీపెట్టెకా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలిసి కూడా ఆపుకోలేకపోయాను, నవ్వు నవ్వుగానే ఏడుపైంది. ఆయన నవ్వలేదు. పెరట్లోకి వెళ్ళి ఇటుక తీసి గోడ దగ్గర పెట్టారు.

నిన్నంతా నాతో మాట లేదు. ఈ పొద్దున యూనిఫారం వేసుకుని, క్యారేజీ తీసుకోకుండా వెళ్ళారు. ఆఫీసుకే అనుకున్నాను. ఇప్పుడే ఆఫీసు బంట్రోతు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టి, మీ ఊరి రైలెక్కారట. చిన్నోడా, ఆయన కోపం నీకు తెలుసు. ఏమన్నా పడు. ఎదురు చెప్పకు.

అక్క


మ్యూజియం
డిసెంబరు 4

అక్కా,

బావ వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పనిగది తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చారు. జుట్టు నెరిసిందని నువ్వు రాయలేదు. గోడల మీద గద్దలూ, నక్కలూ, అన్నిటి వంకా చూశారు.

"ఎక్కడ?" అన్నారు.

మెట్ల కింద కొట్టులోకి తీసుకెళ్ళి పెట్టె మూత తీశాను. గడ్డి కొంచెం పక్కకి జరిపాను, చిప్ప కనపడింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు వేళ్ళు దాని మీద ఆనించారు.

"చల్లగా ఉంది."

"చల్లగానే ఉండాలి, బావా."

"ఇది నిద్రేనని నాకెలా తెలుస్తుంది? నీ మాట మీద నమ్మాలా?"

"వద్దు. జంతుశాల ఆయన్ని పిలుస్తాను, ఆయన చెబుతారు."

పిలిపించాను. ఆయన తాబేలు కాలు చివర సన్నని పుల్లతో తాకించి చూపించారు. చాలాసేపటికి గోళ్ళు కొంచెం ముడుచుకున్నాయి. బావ లేచి గోడకి ఆనుకున్నారు. జంతుశాల ఆయన వెళ్ళిపోయాక బావ, "కత్తి ఎక్కడ పెట్టావు?" అన్నారు. చూపించాను. "ఎన్నిసార్లు?" అన్నారు. రెండుసార్లన్నాను. కొడతారనుకున్నాను, కొట్టలేదు. కొడితే బాగుండేది.

"చచ్చిందన్నది నేను" అన్నారు. "ముక్కు దగ్గర అద్దం పెట్టి, పోయిందని మీ అక్కకి చెప్పింది నేను. దారపు ఉండలని ముద్ర వేసి పంపిందీ నేనే. పెట్టె తూకం వేసేటప్పుడు, ఉండలు ఇంత బరువేంటని కూడా అనుకున్నాను. మీ ఇద్దర్నీ తిడదామనే వచ్చాను. రైల్లో సగం దూరం వచ్చేసరికి తిట్లలో నా వంతు కూడా కనపడింది."

ఇద్దరం కొట్టులో కింద కూర్చున్నాం. కొట్టంతా చలి. నా కోటు ఇస్తే తీసుకోలేదు. కాసేపయ్యాక అడగకుండానే తీసుకున్నారు.

దాన్ని ఇప్పుడు కదిలించకూడదు. ఆ మాట చెప్పడానికి చాలా భయపడ్డాను. చెప్పాను. పెట్టె వంక చూశారు, నా వంక చూశారు. "మార్చి దాకా నీ దగ్గర ఉంచాలా?" అన్నారు. ఉంచాలన్నాను. జేబులోంచి పార్సిల్ ఆఫీసు సీసం ముద్ర తీసి, పెట్టె మూతకీ గొళ్ళేనికీ తీగ చుట్టి, ముద్ర బిగించారు. వెంటనే, "తూకం ఎప్పుడు వేయాలి?" అన్నారు. ప్రతి ఆదివారం అన్నాను. ఒక నిమిషం ఆలోచించి ఆ తీగని తనే తెంపేశారు.

ప్రతి ఆదివారం బరువు కార్డు మీద రాసి పంపమన్నారు. ఈసారి మీ ఇంటి చిరునామాకే.

తమ్ముడు


పెరడు
జూన్ 14

బావమరిదికి,

మీ అక్క రాస్తానంటే నేనే రాస్తానని కాగితం లాక్కున్నాను. నాకు ఉత్తరాలు రాయడం రాదు. రసీదులు రాసిన చెయ్యి.

మార్చిలో తీసుకొచ్చిన దగ్గర్నుంచి అంతా సవ్యంగానే ఉంది. పెరట్లో గోడ పక్కన ఇసుకా మట్టీ కలిపి పోశాను. పొద్దున ఎండలో తిరుగుతుంది, మధ్యాహ్నం గోతిలో దూరుతుంది. కలుపుమొక్కలు సరిపోక రైలు పట్టాల పక్కన కోసుకొస్తున్నాను. మా వాళ్ళు నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ.

నిన్న ఆదివారం. కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. గుమాస్తా గోడ మూలకి పోయి వెనకకాళ్ళతో గుంత తవ్వడం మొదలెట్టింది. ఒక కాలు, తరవాత ఇంకో కాలు. రెండు గంటలు తవ్వింది. ఈ ఎండల్లో మళ్ళీ నిద్రేమిటా అనుకున్నాను. మీ అక్కని కేకేశాను. ఇద్దరం చూస్తుండగానే గుంతలో ఒక గుడ్డు జారింది. తెల్లగా, కోలగా. ఆ తరవాత రెండోది. తరవాత మూడోది. వెనకకాళ్ళతోనే మట్టి కప్పేసి, పొట్టచిప్పతో అదిమి, ఏమీ జరగనట్టు ఆకు తినడానికి పోయింది.

తొమ్మిది నెలలు దాన్ని ఒరేయ్ అని పిలిచాను. ఇంట్లో మరో తాబేలు లేదు, మరి ఈ గుడ్లు ఎక్కడివి? అవి పిల్లలవుతాయా? తీయాలా, వద్దా? తిరగేయకూడదని మీ అక్క అంటోంది, ఎవరు చెప్పారో తెలియదు. ఇప్పటికి వాటి మీద బుట్ట బోర్లించి, నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆఫీసుకి రెండోసారి సెలవు పెట్టాను.

నీ పుస్తకంలో పేజీ తిప్పి చూడు. ఆ జంతుశాల ఆయన్ని అడుగు. అడిగి ఉత్తరం రాయవద్దు, ఉత్తరం వచ్చేసరికి వారం అవుతుంది. నువ్వే రా. ఈ ఊరికి పొద్దుటి బండి ఒకటుంది, రోజూ ఆ వేళకి నేను స్టేషన్లోనే ఉంటాను.

నీ పనిముట్లేవీ వద్దు. చేతులూపుకుంటూ రా, ఏమీ అనుకోను.

బావ